రాత్రయితే గుంజే కాళ్లు

"కాళ్లు గుంజుతున్నయ్ బిడ్డా, జర తొక్కు" అని మనవడిని పిలిచి, బోర్లా పడుకుని, పిక్కల మీద నిలబెట్టుకునే అవ్వలు, తాతలు వరంగల్‌లో ఏ వాడకు పోయినా కనిపిస్తారు. పిల్లవాడు గోడ పట్టుకుని అటూ ఇటూ తొక్కుతాడు. తొక్కుతున్నంతసేపూ హాయిగా ఉంటుంది. వాడు దిగి వెళ్లిన కాసేపటికి మళ్లీ మొదలు. "వయసైంది గద, గుంజయా మరి?" అంటారు ఇంట్లోవాళ్లు. నొప్పుల మందు రాస్తారు. మందుల షాపు నుంచి నొప్పి గోళీ తెస్తారు. అదీ పనిచేయకపోతే నిద్ర గోళీ అడుగుతారు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పెద్దవాళ్ల కాళ్లు రాత్రిపూట గుంజడాన్ని వయసు ఖాతాలో వేసి వదిలేయకండి. నిద్ర గోళీ దాకా వెళ్లకముందే నాలుగు ప్రశ్నలు అడగండి, ఒక రక్తపరీక్ష చేయించండి, వాళ్లు వాడే మందుల సంచిని డాక్టరు బల్ల మీద గుమ్మరించండి. చాలామందికి బాధ దిగిరావడానికి దారి ఈ మూడింట్లోనే ఎక్కడో ఉంటుంది.

మా పెద్దమ్మది హన్మకొండ. డెబ్బై దాటాక ఆమెకు రాత్రి అన్నం తిని నడుం వాల్చగానే ఈ బాధ మొదలయ్యేది. నొప్పా అంటే కాదనేది. "నొప్పయితే ఓర్సుకుంట బిడ్డా. లోపల బొక్కలల్ల ఏదో పారినట్టయితది. కాలు కదిలియ్యకుంటే పానం ఊకోదు" అనేది. పాత చీర అంచు చింపి మోకాలి కింద బిగించి కట్టుకునేది. అది వదులైతే లేచి వంటింటి నుంచి వాకిలి దాకా షాబాద్ బండల చల్లదనం మీద ఒట్టి కాళ్లతో నడిచేది. నడుస్తున్నంతసేపూ ఏమీ ఉండేది కాదు. మంచం మీద కూర్చోగానే మళ్లీ గుంజుడే. తెల్లవారుజామున ఎప్పుడో కన్నంటుకునేది. పొద్దున టీవీ ముందు కునుకు పడితే "పగటీలి పండుకుంటే రాత్రి నిద్రెట్లొస్తది?" అని విసుక్కునేవాళ్లు. ఆమె రాత్రంతా నడిచిన సంగతి వాళ్లకు తెలియదు. ఎవరి నిద్రా చెడగొట్టకూడదని ఆమె లైటు కూడా వేసుకునేది కాదు. చీకట్లో నడిచే డెబ్బై ఏళ్ల మనిషి గడప తట్టుకుంటే తుంటి ఎముక విరగడానికి ఒక్క క్షణం చాలు.

డాక్టరుకు కావలసిన వివరాలన్నీ ఆమె మాటల్లోనే ఉన్నాయి. ఈ జబ్బును రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ 1672లోనే దీన్ని వర్ణించాడు. పక్క మీద కాళ్లు చేతులు నిలవక నిద్రకు దూరమైనవాళ్ల అవస్థ ఆయన రాతల్లో ఉంది. స్వీడన్ నరాల వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్బోమ్ 1945లో దీని మీద ఏకంగా ఒక పుస్తకమే రాసి, జబ్బుకు ఇప్పుడున్న పేరు పెట్టాడు. అంటే ఇది నిన్నమొన్న పుట్టిన రోగమూ కాదు, మనసు పుట్టించే భ్రమా కాదు. పాశ్చాత్య దేశాల్లో నూటికి ఐదు నుంచి పదిమంది పెద్దల్లో కనిపిస్తుందని లెక్కలు. బెంగళూరు నగరవాసుల్లో చేసిన ఒక పరిశీలన 2007లో అచ్చయింది. అందులో నూటికి ఇద్దరిలో తేలింది. వయసుతో పాటు పెరుగుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశమూ ఎక్కువే.

ఇక ఆ నాలుగు ప్రశ్నలు. వీటిని పరీక్షలా ప్రశ్నాపత్రం పట్టుకుని అడగకండి. పక్కన కూర్చుని, వాళ్ల మాటల్లోనే అడగండి. "కాళ్లను కదిలియ్యాలని ఆగలేనంత అనిపిస్తదా?" అన్నది మొదటిది. నొప్పి ఉందా లేదా అన్నదానికంటే, కదిలించకుండా ఉండలేకపోవడమే ఇక్కడ అసలు గుర్తు. "కూసున్నప్పుడు, పండుకున్నప్పుడే వస్తదా? ఎక్కువైతదా?" అన్నది రెండోది. "లేచి నడిస్తే, కాళ్లు సాపి గుంజుకుంటే తగ్గుతదా?" మూడోది. నడుస్తున్నంతసేపైనా తగ్గిందంటే లెక్కలోకి వచ్చినట్టే. "పొద్దుగూకినంక, రాత్రి ఎక్కువా? పొద్దుగాల ఉంటదా?" నాలుగోది. నాలుగింటికీ అవునని వచ్చి, దాన్ని ఇంకో జబ్బుతో ముడిపెట్టడానికి వీలు లేకపోతే అది రెస్ట్‌లెస్ లెగ్సే. దీన్ని పట్టుకోవడానికి స్కానింగ్ అక్కర్లేదు. నరాల పరీక్ష చేస్తే చాలాసార్లు అంతా మామూలుగానే ఉందని వస్తుంది. అది చూసి "మీకేం లేదు" అని పంపించేస్తే రోగి మరింత కుంగిపోతాడు. నిర్ధారణ జరిగేది మాటల్లో. అందుకే వెంట వెళ్లేవాళ్లు ఈ నాలుగు జవాబులూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాలి. కిటకిటలాడే ఓపీలో రోగి వంతు రెండు మూడు నిమిషాలే. ఆ కాస్త సమయంలో "కాళ్లు గుంజుతున్నయ్ సార్" అంటే నొప్పి గోళీ రాస్తారు. "పండుకున్నప్పుడే వస్తది, నడిస్తే పోతది, రాత్రే ఎక్కువ" అంటే డాక్టరు తల ఎత్తి చూస్తారు.

హన్మకొండ బస్టాండులో సాయంత్రం బస్సెక్కి హైదరాబాద్‌లో దిగేదాకా కూర్చోలేక అల్లాడేవాళ్లు, అదే ప్రయాణం పొద్దున చేస్తే మామూలుగా ఉంటే, ఆ తేడా కూడా డాక్టరుకు చెప్పాల్సిన విషయమే.

అన్ని గుంజుళ్లూ రెస్ట్‌లెస్ లెగ్స్ కావు. అర్ధరాత్రి పిక్క రాయిలా గట్టిపడి, ముడేసుకుని, కేక పెట్టించే నొప్పి వేరు. అది కండరం పట్టేయడం. పాదాన్ని ముఖం వైపు వంచి పట్టుకుంటే నిమిషాల్లో వదులుతుంది. షుగరున్నవాళ్ల అరికాళ్లు మండటం, సూదులు గుచ్చినట్టుండటం నరాలు దెబ్బతిన్నందువల్ల. అది నడిచినంత మాత్రాన తగ్గదు, పగలు కూడా ఉంటుంది. కొందరికి ఇదీ, రెస్ట్‌లెస్ లెగ్సూ కలిసే ఉంటాయి. అప్పుడు విడదీయడం డాక్టరు పని. నడిస్తే పిక్క నొచ్చి, నిలబడితే తగ్గేది రక్తనాళాలు పూడుకుపోవడం వల్ల కావచ్చు. పొగతాగేవాళ్లలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఒక్క కాలు మాత్రమే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ కాలు తొక్కించకూడదు, పిసికించకూడదు. ఆ రోజే ఆస్పత్రికి పోవాలి.

ఇప్పుడు రక్తపరీక్ష సంగతి. ఈ అధ్యాయంలో మిగతాదంతా మరిచిపోయినా ఫెరిటిన్ అనే మాటను గుర్తుంచుకోండి.

మెదడులో డోపమిన్ అనే రసాయనం తయారు కావాలంటే ఇనుము కావాలి. కదలికలను అదుపులో ఉంచే వ్యవస్థ డోపమిన్ మీద ఆధారపడి నడుస్తుంది. రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్నవాళ్ల మెదడులో కొన్ని చోట్ల ఇనుము తక్కువగా ఉంటుందని స్కానింగుల్లోనూ, చనిపోయినవారి మెదడు పరీక్షల్లోనూ తేలింది. రాత్రిపూట ఈ వ్యవస్థ సహజంగానే కాస్త మందగిస్తుంది. ఇనుము కొరత ఉన్నవాళ్లకు అది తట్టుకోలేనంత అవుతుంది. 1950ల్లోనే స్వీడన్‌లో నోర్డ్‌లాండర్ అనే వైద్యుడు ఇలాంటి రోగులకు నరం ద్వారా ఇనుము ఎక్కించి గుణం చూశాడు. ఆ దారి చాలాకాలం మరుగున పడి, ఈ ఇరవై ముప్పై ఏళ్లలో మళ్లీ ముందుకొచ్చింది.

మన దగ్గర జరిగే పొరపాటు హిమోగ్లోబిన్ దగ్గర ఆగిపోవడం. "రక్తం పన్నెండుంది, మంచిగనే ఉంది" అంటారు. హిమోగ్లోబిన్ అంటే ఈ పూట వంటకు తీసిన బియ్యం, ఫెరిటిన్ అంటే గాదెలో ఉన్న నిల్వ. గాదె అడుగంటినా ఈ పూట వంట జరిగిపోవచ్చు. అందుకే ఫెరిటిన్ అని పేరు పెట్టి అడగాలి, దాంతో పాటు ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ కూడా. ల్యాబ్ కాగితం మీద ఫెరిటిన్ 20 ఉన్నా, 30 ఉన్నా పక్కన నార్మల్ అనే ఉండవచ్చు. మామూలు మనిషికి అది సరిపోతుందేమో. రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్నవాళ్లకు 75 గాని, అంతకంటే తక్కువ గాని ఉంటే ఇనుము ఇచ్చి చూడాలన్నది ఈ జబ్బును చూసే నిపుణుల మాట. ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ 20 శాతం లోపు ఉన్నా అంతే. రక్తం పొద్దున పరగడుపున ఇవ్వండి. అంతకుముందు ఒకటి రెండు రోజులు ఇనుము గోళీ ఆపండి. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉత్తుత్తిగా పెరిగి కనిపిస్తుంది కాబట్టి అవి తగ్గాక చేయించండి.

ఫెరిటిన్ తక్కువని తేలగానే గోళీ మింగించి ఊరుకోకండి. అరవై దాటిన మనిషిలో ఇనుము ఎందుకు తగ్గింది, ఎటు పోతోంది అని అడగాలి. మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మింగేవాళ్ల కడుపులో పుండై, కంటికి కనబడకుండా రక్తం పోతుండవచ్చు. గుండెకు ఆస్పిరిన్ వాడేవాళ్లలోనూ అంతే. మొలల రక్తాన్ని పెద్దవాళ్లు సిగ్గుపడి చెప్పరు, ముఖ్యంగా అవ్వలు. వరి మడుల్లో ఒట్టి కాళ్లతో బతుకంతా గడిపినవాళ్లకు కొంకి పురుగులు పట్టి ఉండవచ్చు. పెద్దపేగు క్యాన్సర్ కూడా కొన్నిసార్లు మొదట రక్తహీనతగానే బయటపడుతుంది. అందుకే కారణం వెతకమని డాక్టరును మీరే అడగాలి. భయపెట్టడానికి చెప్పడం లేదు. కాళ్ల గుంజుడు పుణ్యమా అని కడుపులో పుండు ముందుగానే దొరికితే అంతకంటే కావలసింది ఏముంది?

ఇంకో రెండు సంగతులు మన వంటింట్లోనివే. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగే అలవాటు ఇక్కడ బాగా ఉంది. చాయ్‌లోని పదార్థాలు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. చాయ్ మానమని పెద్దవాళ్లకు చెప్పడం నిష్ఠూరమే. మానక్కర్లేదు. భోజనానికీ చాయ్‌కీ మధ్య గంటన్నర ఎడం పెట్టండి, చీకటి పడ్డాక మాత్రం వద్దు. రెండోది గ్యాస్ గోళీ. పొద్దున్నే పాంటొప్రజోల్ వేసుకోవడం ఇప్పుడు పళ్లు తోముకోవడంతో సమానమైపోయింది. కడుపులో ఆమ్లం తగ్గితే ఇనుమూ సరిగా పట్టదు, బీ12 కూడా తగ్గుతుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ చాలాకాలం వాడినా బీ12 తగ్గుతుంది. దానివల్ల వచ్చే తిమ్మిర్లు వేరే లెక్క. బీ12 పరీక్ష కూడా కలిపి చేయించడం మంచిది.

డాక్టరు ఇనుము గోళీ రాస్తే రోజుకు మూడు పూటలా మింగితే త్వరగా ఎక్కుతుందనుకోకండి. రోజు విడిచి రోజు ఒకటి వేసుకుంటేనే ఒంటికి బాగా పడుతుందని ఈమధ్య పరిశోధనలు చెబుతున్నాయి. మలబద్ధకమూ తక్కువగా ఉంటుంది. పరగడుపున, నిమ్మరసంతో లేదా ఉసిరికాయతో వేసుకోవచ్చు. పాలతో, చాయ్‌తో, కాల్షియం గోళీతో కలపకూడదు. థైరాయిడ్ గోళీకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మలం నల్లగా వస్తే భయపడాల్సిన పనిలేదు. జిగటగా, తారులా ఉండి దుర్వాసన వస్తే మాత్రం అది రక్తం కావచ్చు, డాక్టరుకు చెప్పండి. నిల్వ నిండటానికి మూడు నెలలు పడుతుంది. కడుపు ఓర్వకపోతే, లేదా ఫెరిటిన్ బాగా తక్కువుంటే ఆస్పత్రిలో సెలైన్‌లా నరం ద్వారా ఎక్కిస్తారు. దాని ఫలితం కనబడటానికి కూడా కొన్ని వారాలు ఆగాలి. పరీక్ష లేకుండా సొంతంగా ఇనుము వాడటం మాత్రం వద్దు. ఒంట్లో ఎక్కువైన ఇనుము కాలేయాన్ని పాడుచేస్తుంది.

మా పెద్దమ్మ ఫెరిటిన్ ఇరవై లోపే వచ్చింది. అయితే ఆమెకు అన్నిటికంటే పెద్ద మేలు చేసింది మందుల సంచి.

ఆ సంచిలో ఏముందో చెబుతాను, ఎందుకంటే మీ ఇంట్లోని సంచిలోనూ ఇవే ఉండవచ్చు. ముక్కు కారుతోందని వేసుకునే జలుబు గోళీ ఒకటి. అందులో క్లోర్‌ఫెనిరమైన్ ఉంది. కడుపులో తిప్పుతోందని ఎప్పుడో రాసిన మెటోక్లోప్రమైడ్ ఇంకోటి. అరికాళ్ల తిమ్మిర్లకూ నిద్రకూ అని రాత్రి వేసుకునే అమిట్రిప్టిలిన్ మూడోది. మూడూ రెస్ట్‌లెస్ లెగ్స్‌ను రెచ్చగొట్టగలవు. కాళ్ల కోసం ఇచ్చిన గోళీయే కాళ్లను గుంజేలా చేస్తోందన్నమాట! డోపమిన్‌కు అడ్డుపడే మందులు ఈ జబ్బుకు బద్ధ శత్రువులు. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, తల తిరగడానికి ఇచ్చే ప్రొక్లోర్‌పెరజిన్, మానసిక జబ్బులకు ఇచ్చే హాలోపెరిడాల్ వంటివి ఈ కోవలోవి. మత్తు తెచ్చే జలుబు, దురద గోళీలు, అంటే ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్, ప్రోమెథజైన్ కూడా గుంజుడు పెంచుతాయి. కుంగుబాటుకు వాడే మిర్టజపిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి కొందరిలో పెంచుతాయి. వీటికి బదులు వేరేవి ఉన్నాయి. వాంతులకు డాంపెరిడోన్, అలర్జీకి ఫెక్సోఫెనడిన్ వంటివి సాధారణంగా ఈ జబ్బును అంతగా కదిలించవు. కానీ మార్చేది డాక్టరే. కుంగుబాటు మందును ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం. మీరు చేయాల్సింది ఏమిటంటే, ఇంట్లోని పట్టీలన్నీ, ఖాళీ అయినవి కూడా, ఒక సంచిలో వేసుకుని వెళ్లి "ఇండ్ల కాళ్ల గుంజుడు పెంచేటియి ఏమన్న ఉన్నయా సార్?" అని అడగడం.

మరుపు జబ్బు వచ్చినవాళ్ల విషయం వేరుగా చెప్పాలి. వాళ్లకు ఏమవుతోందో చెప్పుకునే మాటలు పోతాయి. సాయంత్రమయ్యేసరికి కూర్చోలేక లేస్తారు, ఇల్లంతా తిరుగుతారు, కాళ్లు రుద్దుకుంటారు, పిక్కల మీద గుద్దుకుంటారు, దుప్పటి తన్నేస్తారు, పట్టుకుని పడుకోబెడితే కొట్టడానికొస్తారు. "చాదస్తం ముదిరింది" అంటారు ఇంట్లో. నెమ్మదిగా ఉండటానికని హాలోపెరిడాల్ లాంటిది ఇస్తే కాళ్ల బాధ ఇంకా పెరిగి, మనిషి ఇంకా రేగుతాడు, మోతాదు ఇంకా పెంచుతారు. నోరు లేని మనిషి మీద ఇంతకంటే అన్యాయం ఉండదు. మీ ఇంట్లో అలాంటి పెద్దాయన ఉంటే గమనించండి. ఈ గొడవ పొద్దుగూకాకే వస్తోందా, నడవనిస్తే నెమ్మదిస్తున్నాడా, కాళ్లు ఒత్తితే శాంతిస్తున్నాడా, వయసులో ఉన్నప్పుడు కాళ్లు గుంజుతున్నాయని అనేవాడా? ఈ వివరాలను డాక్టరుకు చెప్పేవాళ్లు మీరు తప్ప ఇంకెవరూ లేరు.

కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ చేయించుకునేవాళ్లలో ఈ బాధ మామూలు జనంలో కంటే చాలా ఎక్కువ. నాలుగు గంటలు కదలకుండా పడుకోవడం వాళ్లకు నరకం. కొందరు తట్టుకోలేక మధ్యలోనే లేచి వచ్చేస్తారు, దాంతో డయాలసిస్ పూర్తి కాదు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో కానీ ఇంకెక్కడైనా కానీ చేయించుకునేవాళ్లు ఈ సంగతి సిబ్బందికి చెప్పాలి, వీలైతే ఉదయపు వంతు అడగాలి.

ఇంట్లో చేసుకోగలిగినవి ఉన్నాయి. అయితే ఇవి బాధ తేలికగా ఉన్నవాళ్లకు సరిపోతాయి, గట్టిగా ఉన్నవాళ్లకు తోడ్పడతాయి, అంతే. సాయంత్రం ఎండ తగ్గాక భద్రకాళి బండ్ మీదో, పబ్లిక్ గార్డెన్‌లోనో అరగంట నడక. పడుకునే ముందు గట్టి వ్యాయామం వద్దు, అది రెచ్చగొడుతుంది. గోడకు చేతులానించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనేలా పిక్కను సాగదీయడం. గోరువెచ్చని నీళ్లతో స్నానం కొందరికి, చన్నీళ్లు పోసుకోవడం కొందరికి పడుతుంది. రెండూ చూసి పడింది పట్టుకోండి. షుగరుతో అరికాళ్ల స్పర్శ పోయినవాళ్లు మాత్రం నీళ్ల వేడిని ఇంకొకరి చేత్తో చూపించుకోవాలి. కల్లు, మందు తాగితే నిద్ర పట్టినట్టే పట్టి అర్ధరాత్రి దాటాక కాళ్లు రెట్టింపు గుంజుతాయి. పొగాకు, జర్దా కూడా మేలు చేయవు. గుడ్డ బిగించి కట్టుకోవడం వల్ల రక్తం ఆడదు. కావాలంటే వదులుగా ఉండే మేజోళ్లు తొడగండి.

మనసును పనిలో పెట్టడం అన్నది చాలామందికి తెలియని ఉపాయం. ఊరికే కూర్చుంటే వచ్చే గుంజుడు, మనసు లగ్నమైన పనిలో ఉంటే చాలాసేపు రాదు. అందుకే రాత్రి ఏడు నుంచి పదింటి దాకా పెద్దవాళ్లను టీవీ ముందు కూర్చోబెట్టేయకండి. మనవరాలితో అష్టాచెమ్మా ఆడించండి. చింతపండులో గింజలు తీయమనండి, పూలు కట్టమనండి. కొత్తవాడ మగ్గాల మీద జంపఖానాలు నేసి అలసిన తాతకు చిక్కుపడ్డ నూలు ఇచ్చి విప్పమంటే చేతులు వాటంతట అవే పనిలో పడతాయి. నిద్ర వచ్చాకే పక్క ఎక్కమనండి. తెల్లవారుజామున బాగా పట్టే నిద్రను పొద్దున్నే లేపి చెడగొట్టకండి. పెద్దవాళ్లు ఆలస్యంగా లేస్తే ఇంటికి అరిష్టమన్న మాటను వీళ్ల విషయంలో పక్కన పెట్టండి.

రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్నవాళ్లలో నూటికి ఎనభై మందికి పైగా నిద్రలో కూడా కాళ్లు కొట్టుకుంటాయి. బొటనవేలు పైకి లేస్తుంది, చీలమండ వంగుతుంది, ఇరవై నుంచి నలభై సెకన్లకోసారి, గడియారం కొట్టినంత క్రమంగా. పడుకున్న మనిషికి తెలియదు, పక్కన పడుకున్నవాళ్లకు తెలుస్తుంది. ముసలితనంలో ఈ కదలికలు ఏ బాధా లేనివాళ్లలో కూడా చాలామందికి ఉంటాయి. నిద్ర చెడగొట్టకపోతే, పగలు మగత లేకపోతే దానికి మందు అక్కర్లేదు. గురక పెట్టి, ఊపిరి ఆగి ఆగి ఉలిక్కిపడేవాళ్ల కాళ్లు కూడా కొట్టుకుంటాయి. వాళ్లకు చూడాల్సింది ఊపిరి సంగతి.

వీటితో కలపకూడని జబ్బు ఇంకొకటి ఉంది. యాభై, అరవై దాటిన మనిషి, ఎక్కువగా మగవాళ్లు, రాత్రి రెండో సగంలో నిద్దట్లోనే అరుస్తాడు, తంతాడు, గుద్దుతాడు, మంచం మీంచి దూకుతాడు. లేపితే వెంటనే తెలివిలోకి వచ్చి "కుక్క తరిమింది", "దొంగ వచ్చిండు" అని కల చెబుతాడు. కలలు కనే నిద్రలో ఒంటిని మెదడు కదలనివ్వకుండా ఆపి ఉంచుతుంది. ఆ అడ్డు తొలగినప్పుడు మనిషి కలను ఆడేస్తాడు. 1986లో అమెరికాలోని మినియాపోలిస్‌లో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ బృందం దీన్ని ప్రత్యేక జబ్బుగా గుర్తించింది. మన ఊళ్లలో దీనికి గాలి సోకిందని తాయెత్తు కడతారు. భార్య ఒంటి మీద కమిలిన మచ్చలుంటాయి, ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన కావాలని కొట్టడం లేదని ఆ ఇల్లాలికి తెలియాలి, ఆమె దెబ్బలు తిననక్కర్లేదని ఆయనకూ తెలియాలి. కొంతకాలం వేరే మంచం వేయడం తప్పు కాదు. పక్కను నేలకు దగ్గరగా వేయండి. చేతికందే దూరంలో చేతికర్ర, ఇత్తడి చెంబు, గాజు సీసా ఉండకూడదు. ఫోన్‌లో వీడియో తీసి న్యూరాలజిస్టుకు చూపండి. ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి ఏళ్ల తర్వాత పార్కిన్సన్స్ గానీ, లెవీ బాడీ మరుపు జబ్బు గానీ వస్తుంది. అందుకే క్రమంగా చూపించుకుంటూ ఉండాలి. వాసన తెలియకపోవడం, మొండి మలబద్ధకం, చేయి వణకడం ఉంటే అవీ చెప్పండి. మెలటోనిన్‌తో, క్లొనజెపామ్‌తో చాలామందికి దెబ్బలు తగ్గుతాయి. క్లొనజెపామ్ వేసుకున్నవాళ్లు రాత్రి లేస్తే తూలి పడే ప్రమాదం ఉంది. గురక ఉన్నవాళ్లకు అది పడకపోవచ్చు. ఒక్కమాట స్పష్టంగా చెప్పాలి: మామూలు రెస్ట్‌లెస్ లెగ్స్ పార్కిన్సన్స్‌కు ముందు మెట్టు కాదు. వైద్యానికి డోపమిన్ మందు రాసినంత మాత్రాన పార్కిన్సన్స్ వచ్చిందని బెంబేలెత్తకండి.

ఆ డోపమిన్ మందుల గురించే ఇక చెప్పాల్సింది మిగిలింది. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ మొదటి నెలల్లో అద్భుతంగా పనిచేస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ చాలామందిలో ఎదురు తిరుగుతాయి. రాత్రి తొమ్మిదికి వచ్చే గుంజుడు సాయంత్రం ఐదింటికే వస్తుంది, తర్వాత మధ్యాహ్నానికే వస్తుంది, చేతులకూ పాకుతుంది. మోతాదు పెంచితే కొన్నాళ్లు తగ్గి మళ్లీ ఇంకా ముందుకు జరుగుతుంది. కొందరిలో జూదం, విపరీతమైన కొనుగోళ్లు, తిండి యావ మొదలవుతాయి. తాత ఉన్నట్టుండి పేకాటకు పెన్షన్ తగలేస్తుంటే తిట్టేముందు మందు చీటీ చూడాలి. ఈ కారణాల వల్లే అమెరికా నిద్ర వైద్య నిపుణుల సంఘం 2025లో వెలువరించిన సూచనల్లో ఈ మందులను మామూలుగా మొదట వాడవద్దని, ఇనుము సరిచేసి, గాబాపెంటిన్, ప్రీగాబలిన్ వంటివి ముందు చూడమని చెప్పింది. వీటితో కూడా పెద్దవాళ్లకు తల తిరుగుతుంది, కాళ్లు వాస్తాయి. కిడ్నీ పనితీరును బట్టి మోతాదు తగ్గించాలి, అందుకే మొదలుపెట్టేముందు క్రియాటినిన్ చూడాలి. చిన్న మోతాదుతో, రాత్రికి మాత్రమే మొదలుపెట్టి, బాత్రూం దారిలో చిన్న లైటు వెలిగించి ఉంచండి.

ఇప్పటికే ప్రామిపెక్సోల్ వాడుతూ, గుంజుడు పొద్దు వాలకముందే మొదలవుతున్నవాళ్లు షాపులో ఇంకో గోళీ ఎక్కువ కొనుక్కోవద్దు, ఉన్నదాన్ని ఒక్క రోజులో ఆపేయనూ వద్దు. ఒక్కసారిగా ఆపితే కొన్ని రాత్రులు కంటి మీద కునుకు ఉండదు. గుంజుడు ఏ గంటకు మొదలవుతోందో వారం రోజులు ఒక క్యాలెండర్ మీద రాసి, ఫెరిటిన్ మళ్లీ చేయించి, రెండూ పట్టుకుని ఆ మందు రాసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి. అక్కడ తేలకపోతే న్యూరాలజిస్టుకు పంపమని అడగండి. వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ ఆవరణలోని సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రికో, హైదరాబాద్ నిమ్స్‌కో వెళ్లాల్సి వస్తే పొద్దుటి బండి ఎక్కండి. పెద్దవాళ్లకు నడవ పక్క సీటు అడిగి ఇప్పించండి.